మూడు దెబ్బలు, ఆపైన ఒకటి

గత ఏడాది శ్రావణ మాసంలో ఒక గురువారం. ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. ఆకాశమంతా మబ్బు కమ్మి ఉంది కానీ వాన లేదు. తెల్లవారుజామున కురిసిన జల్లుకు నేల తడిసి ఉంది. గాలి బొత్తిగా లేదు. పరీక్ష మొదలుపెట్టే ముందు రోజు, వేళ, వాతావరణం చూసుకోవడం నాకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఉన్న అలవాటు. కాబట్టి ఈ వివరాలలో పొరపాటు లేదు.

నేను నమ్మేవి కొలతలు, తేదీలు మాత్రమే. ఇప్పుడు నాకు డెబ్బై రెండేళ్ళు. ఇంతకాలంలో ఎవరైనా నా ముందు దెయ్యం మాట ఎత్తితే, "ఎన్ని గంటలకు? వెలుతురు ఎంత ఉంది? ఇంకెవరు చూశారు?" అని అడుగుతూ వచ్చాను. మూడో ప్రశ్న దాకా నిలిచిన కథ ఒక్కటీ లేదు. మా ఆండర్సన్‌పేటలో అటువంటి కథలకు కొదవ లేదు; మూతబడిన బంగారు గని పక్కన ఉన్న ఊరు కదా. నా భార్య నా ముందు వాటిని చెప్పడం ఎప్పుడో మానేసింది.

అందువల్ల ఈ సంగతి నేనే రాయవలసి రావడం నాకు ఇష్టం లేని పని. జరిగింది జరిగినట్టు రాస్తాను. కారణం మాత్రం చెప్పలేను.

నేను రైల్వే డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత ప్రైవేటు సంస్థలు పిలిచినప్పుడు వెళ్ళి వాళ్ళ ఇంజిన్లను పరీక్షించి నివేదిక ఇస్తూ ఉంటాను. టేకల్ దగ్గర ఒక ఎరువుల గోడౌన్ ఉంది. దానికి సొంతంగా చిన్న రైలు మార్గం, ఒక డీజిల్ షంటింగ్ ఇంజిన్ ఉన్నాయి. మెయిన్ లైను నుంచి వచ్చిన వ్యాగన్లను గోడౌన్ దాకా నెట్టుకు రావడం, ఖాళీ అయినవాటిని తిరిగి అప్పగించడం దాని పని. ఇటువంటి ఇంజిన్ ముప్పై ఆరేళ్ళు నడవాలని లెక్క. ఇది పంతొమ్మిదో ఏట, ఆ గురువారానికి మూడు రోజుల ముందు, సోమవారం నాడు పాడైపోయింది. లోపలి క్రాంక్‌షాఫ్టు రెండు ముక్కలైంది. పిస్టన్ల బలాన్నంతా చక్రాలకు అందించే ప్రధానమైన ఇరుసు అది. అది విరిగిన పాత ఇంజిన్‌ను బాగుచేయించడం కంటే తీసేయడమే మేలు. సంస్థవాళ్ళు ఆ సంగతి అప్పటికే నిర్ణయించుకున్నారు.

నన్ను పిలిచింది మరొక ప్రశ్నకు జవాబు కోసం. తప్పు ఎవరిది?

డ్రైవరు పేరు డేనియల్. వయసు యాభై ఏడు. ఆండర్సన్‌పేట మనిషే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. అయినా పరీక్షకు ముందు రోజు, బుధవారం, నేను మొదట గోడౌన్‌కు వెళ్ళేదాకా మా మధ్య పలకరింపు తప్ప పరిచయం లేదు. తప్పు అతనిదని తేలితే ఉద్యోగం పోవడమే కాదు, ఇంజిన్ నడిపే అర్హత పత్రం కూడా రద్దవుతుంది. పదవ తరగతి తప్పిన మనిషికి ఆ పత్రం తప్ప మరొక ఆధారం లేదు. యాభై ఏడేళ్ళ వయసులో అది పోగొట్టుకున్నవాణ్ణి ఎవరూ పనిలో పెట్టుకోరు.

సోమవారం ఏం జరిగిందో డేనియల్ నాకు బుధవారం చెప్పాడు. ఆ మాటలను ఇక్కడ క్రమంలో పెడుతున్నాను.

అతడు నిండు వ్యాగన్లను నెట్టుకుంటూ గోడౌన్ వైపు వస్తున్నాడు. వ్యాగన్లు తగిలించే పని చేసే నాగప్ప ఎప్పటిలాగే ఇంజిన్ ఎడమ పక్క మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఇంజిన్‌లో నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. సుత్తితో ఇనుము మీద కొట్టినట్టు. కొంచెం ఆగి మళ్ళీ మూడు. డేనియల్ చేతికి దొరికిన స్పానర్‌తో క్యాబు గోడ మీద తానూ మూడు కొట్టాడు. అప్పుడు లోపలి నుంచి ఒకే ఒక దెబ్బ వచ్చింది. అతడు బ్రేకు వేసి, నాగప్పను దిగిపొమ్మని అరిచి, ఇంజిన్‌ను ఆపేశాడు. అది తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయే క్షణంలో క్రాంక్‌షాఫ్టు విరిగింది. ఎడమ పక్క ఇనుప మూత ఊడి ఎగిరిపోయింది. మరిగే నూనె నాగప్ప నిలబడిన మెట్టు మీద కుమ్మరించుకుంది. నాగప్ప అప్పటికి అక్కడ లేడు.

"నువ్వెందుకు తిరిగి కొట్టినావు?" అని అడిగాను.

"అదేం ప్రశ్న సార్? మూడు కొడితే తిరిగి మూడు కొట్టల్ల కదా. మీరూ మన ఊరోళ్ళే."

మా ఊరి సంగతి తెలియనివారికి ఇది వివరించాలి. గనిలో మనుషులను దించే బోనుకు, పైనున్న యంత్రానికి మధ్య మాటలు ఉండేవి కావు. దెబ్బల సంకేతాలే ఉండేవి. మూడు కొడితే మనుషులు ఉన్నారని అర్థం. విన్నవాడు అదే సంఖ్యలో తిరిగి కొట్టాలి. అప్పుడే సంకేతం అందినట్టు. కదులుతున్నప్పుడు ఒక్కటి కొడితే ఆపమని. డేనియల్ తండ్రి ఆ సంకేతాలు కొట్టే బెల్‌మ్యాన్‌గా పనిచేశాడు. మా నాన్న గని కలప డిపోలో పనిచేశాడు. మా వీధుల్లో పిల్లలం కొళాయి గొట్టాల మీద ఆ దెబ్బలు కొట్టుకుంటూ ఆడుకునేవాళ్ళం. మూడు వినిపిస్తే చెయ్యి దానంతట అదే మూడు కొడుతుంది. గని మూతపడి ఇన్నేళ్ళైనా మాలో ఆ అలవాటు పోలేదు.

నేను డేనియల్ మాట నమ్మలేదు. అతడు అబద్ధం ఆడుతున్నాడని కాదు. బేరింగు అరిగిన ఇంజిన్ దెబ్బలు కొట్టడం మామూలే. కానీ ఆ దెబ్బలు ఇంజిన్ వేగాన్ని బట్టి ఎడతెగకుండా వస్తాయి. మూడు కొట్టి ఆగవు. భయంలో మనిషి చెవి తనకు తెలిసిన లెక్కను వినిపించుకుంటుందని నా అభిప్రాయం.

అతడు చిక్కుకున్న ఇరకాటం కూడా నాకు స్పష్టంగానే కనిపించింది. దెబ్బలు నిజంగా వచ్చి ఉంటే, బేరింగు చాలా రోజుల నుంచే చెడిపోయి ఉండాలి. ముందే ఎందుకు చెప్పలేదని సంస్థ అడుగుతుంది. దెబ్బలు రాకపోతే, బరువు మీద ఉన్న ఇంజిన్‌ను కారణం లేకుండా ఆపినందువల్లే విరిగిందంటుంది. ఎటు తిరిగినా తప్పు అతని మీదకే వస్తుంది. పైగా మెట్టు మీద, ఇంజిన్‌కు మూరెడు దూరంలో ఉన్న నాగప్ప తాను ఏ దెబ్బా వినలేదని చెప్పాడు. తన ప్రాణం కాపాడినవాడికి వ్యతిరేకంగా అలా చెప్పవలసి వచ్చినందుకు అతడు నా ముందు తల ఎత్తలేదు.

మేనేజరు రఘునాథ్ మర్యాదస్థుడే. కానీ బుధవారం సాయంత్రమే తన మనసులో మాట చెప్పేశాడు. "డేనియల్ మంచివాడు సార్. కాకపోతే ఇంజిన్ తనతో మాట్లాడిందని రాసిన స్టేట్‌మెంటును హెడ్డాఫీసుకు నేనెట్లా పంపేది? మీరు 'డ్రైవరు పొరపాటు' అని ఒక్క ముక్క రాస్తే ఫైలు మూసేస్తాం."

ఇంజిన్ లోపలి భాగం చూడకుండా ఏమీ రాయనని చెప్పాను. గురువారం ఉదయం అందుకే మళ్ళీ వెళ్ళాను.

ఇంజిన్‌ను షెడ్డులోకి లాగి, నేలలో కట్టిన గుంట మీద నిలబెట్టారు. గుంటలోకి దిగితే ఇంజిన్ అడుగు భాగం తల మీద ఉంటుంది. నూనె నిలిచే అడుగు తొట్టిని విప్పాలంటే ముందు చక్రాల జత అడ్డం. దాన్ని బయటికి దొర్లించడానికి ఇంజిన్ ముందు భాగాన్ని రెండు జాకీలతో ఎత్తుతున్నారు. ఆ పని బంగారుపేట నుంచి వచ్చిన బాషాది, అతని తమ్ముడు ఖాదర్‌ది. గుంటలో నేను, దీపం పట్టుకుని నాగప్ప. అభియోగం ఉన్నవాడు పరీక్ష దగ్గర ఉండాలి కాబట్టి డేనియల్ గుంట అంచున నిలబడ్డాడు. షెడ్డులో ఉన్నది ఈ ఐదుగురమే. మేనేజరు ఆఫీసులో ఉన్నాడు.

దిగేముందు నా చేతులతో నేనే సరిచూసుకున్న విషయాలు ఇవి. బ్యాటరీలు తీసేసి ఉన్నాయి. నూనె, నీళ్ళు మొత్తం దించేసి ఉన్నాయి. బ్రేకులకు గాలి నింపే ట్యాంకుల మరలు తెరిచి ఉన్నాయి. గాలి పీడనం చూపే ముల్లు సున్నా మీద ఉంది. ఇంజిన్ ఆగి మూడు రోజులైంది కాబట్టి లోహం పూర్తిగా చల్లబడింది. వేడి తగ్గేటప్పుడు ఇనుము టక్కుమనడం నాకు తెలుసు. ఆ అవకాశం లేదు.

నాగప్పకు మౌనం పడదు. "గుండె ఆగిపోయిన దానికి నాడి చూస్తా ఉండారా సార్?" అన్నాడు, నేను తొట్టి మీద చెయ్యి వేసి బోల్టులు తడుముతూ ఉంటే.

"పోస్టుమార్టం అనుకో," అన్నాను.

"అయితే దానికి నేను బంధువునా, కానిస్టేబులునా?"

పైన బాషా నవ్వాడు. జాకీ పంపు కొడుతున్న చప్పుడు ఆగింది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో నా తల మీద, తొట్టి లోపలి నుంచి, మూడు దెబ్బలు వినిపించాయి.

మొదట నాకు కోపం వచ్చింది. పైన ఎవరో ఆకతాయితనం చేస్తున్నారనుకున్నాను. "ఎవరప్పా అది? పనికి వచ్చినారా, ఆటకు వచ్చినారా?" అని గట్టిగా అడిగాను.

బాషా గుంటలోకి వంగి చూశాడు. "ఏమి సార్?"

"ఇంజిన్ మీద ఎవరు కొట్టింది?"

"ఎవురూ కొట్టలేదే. ఖాదర్ బీడీ ముట్టిస్తా ఉండాడు, నేను ఈడ ఉండాను. డేనియలన్న చేతులు కట్టుకొని నిలబడి ఉండాడు, చూడండి."

గుంటలో నుంచి ముగ్గురి కాళ్ళూ కనిపిస్తున్నాయి. ఎవరూ ఇంజిన్‌ను తాకి లేరు. నాగప్ప వైపు చూశాను. ఒక చేత్తో దీపం పట్టుకుని, రెండో చెయ్యి తొట్టికి ఆనించి ఉన్నాడు. అతని ముఖంలో హాస్యం పోయింది.

"నీకు వినబడిందా?"

"వినబడలేదు సార్." తొట్టి మీద నుంచి చెయ్యి తీసి చూసుకున్నాడు. "చేతికి తగిలింది."

అప్పుడే మళ్ళీ మూడు. ఈసారి నా అరచెయ్యి కూడా తొట్టి మీదే ఉంది. లోపలి నుంచి వేలి కణుపులతో తట్టినట్టు కాదు. బరువైన సుత్తితో కొట్టినట్టు. లెక్క సమానంగా, తొందర లేకుండా ఉంది. ఆ లెక్కే నన్ను ఇబ్బంది పెట్టింది. వదులుగా ఉన్న ముక్క ఏదో లోపల జారి పడితే ఎన్నిసార్లైనా తగలవచ్చు కానీ సమాన విరామాలతో మూడేసి సార్లు తగలదు.

తర్వాత చేసిన పనిని నేను పరీక్షగానే చేశానని చెప్పుకోవచ్చు. నిజానికి నేను ఆలోచించనేలేదు. నా చేతిలో బోల్టులను తట్టి చూసే చిన్న సుత్తి ఉంది. చెయ్యి దానంతట అదే లేచి తొట్టి మీద మూడు కొట్టింది.

ఒక్క దెబ్బ జవాబు వచ్చింది.

పైన డేనియల్ ఆ దెబ్బ విన్నాడు. "సార్, ఆపమంటా ఉండాది. రాండి బయటికి," అన్నాడు. బోను దగ్గర నిలబడి చెప్పినట్టు చెప్పాడు.

నాకు ఆ క్షణంలో భయం కన్నా సిగ్గు ఎక్కువగా కలిగింది. నలభై ఏళ్ళు ఇంజిన్లతో పనిచేసినవాణ్ణి, దెబ్బలు విని గుంటలో నుంచి పైకి ఎక్కుతున్నాను. అయినా ఎక్కాను. నాగప్ప నాకంటే ముందే ఎక్కాడు. జాకీలు వదిలి అందరూ గోడ పక్కకు రమ్మని చెప్పాను.

బాషా విసుక్కున్నాడు. "ఇంగ రెండు పంపులు కొడితే చక్రం జారతాది సార్. ఈడికొచ్చినాక ఆపమంటారేమి? టీ వేళకు ఆపితే పోలా?"

"రా అప్పా. వాదించొద్దు."

తలుపు ఇంజిన్ అవతలి వైపు ఉంది. మేము ఇవతలి గోడకు చేరాము. బాషా చివరిగా వస్తూ తమ్ముడితో, "పెద్దాయనకి చెవుల్లో గాలి దూరినట్టుండాది," అని గొణగడం నాకు వినిపించింది.

మేము గోడకు ఆనుకుని అర నిమిషం కూడా నిలబడలేదు. కుడి జాకీ కింద ఉన్న గచ్చు పగిలింది. జాకీ నేలలోకి కుంగింది, చెక్క దిమ్మెలు ఎగిరిపడ్డాయి, ఇంజిన్ ముందు భాగం మొత్తం ఒక పక్కకు ఒరిగి గుంటలోకి దిగబడింది. దాని ముక్కు తగిలి, గచ్చు మరమ్మతు కోసం పేర్చిన సిమెంటు బస్తాలు పగిలిపోయాయి. వేలాడుతున్న దీపాల తీగ తెగింది. షెడ్డంతా తెల్లటి ధూళి నిండిపోయింది. నా చెయ్యి నాకు కనిపించలేదు.

ఎవరూ అరవలేదు. దగ్గులు మాత్రమే వినిపించాయి.

ఆ ధూళిలో డేనియల్ మమ్మల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అది కూడా గని అలవాటే. పైకప్పు కూలినప్పుడు పేర్లు పిలవరు. పిలిస్తే జవాబుకు అందరూ దుమ్ములో నోరు తెరవాలి. ఒకడు గోడ పట్టుకుని నడుస్తూ ఒక్కొక్కరి భుజం తాకి అంకె చెబుతాడు. డేనియల్ కుడి చెయ్యి గోడకు ఆనించి, ఎడమ చేత్తో తాకుతూ, ఒకే దిశలో నడిచాడు. తనను కలుపుకుని "ఒకటి" అన్నాడు. నాగప్ప దగ్గర "రెండు". నా భుజం మీద చెయ్యి పడింది, "మూడు". నన్ను దాటి వెళ్ళాడు. బాషా దగ్గర "నాలుగు". ఖాదర్ దగ్గర "ఐదు".

ఇంకో రెండడుగులు వేసిన చప్పుడైంది. "ఆరు."

తర్వాత అడుగుల చప్పుడు ఆగింది.

ధూళి దిగడానికి కొన్ని నిమిషాలు పట్టింది. కనిపించడం మొదలైనప్పుడు గోడ పక్కన ఈ వరుసలో ఉన్నాము: నాగప్ప, నేను, బాషా, ఖాదర్, వరుస చివర ఎడమ చెయ్యి గాలిలో చాచి నిలబడిన డేనియల్. అతని చెయ్యి కింద ఎవరూ లేరు. అక్కడి గోడకు కొక్కెం గానీ, వేలాడే చొక్కా గానీ, నిలబెట్టిన పరికరం గానీ ఏమీ లేవు. నేను అప్పుడే దగ్గరికి వెళ్ళి చూశాను. మర్నాడు మళ్ళీ వచ్చి చూశాను.

మేనేజరు పరుగెత్తుకొచ్చి గుంటలోకి తొంగి చూశాడు. నేను, నాగప్ప నిలబడిన చోటును ఇంజిన్ తొట్టి పూర్తిగా పూడ్చేసింది. అతడు తలుపు దగ్గర ఒక డబ్బా మీద కూర్చుండిపోయాడు. బాషా నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చెవుల గురించి అన్న మాట నేను విన్నానని అతనికి తెలియదు.

గచ్చు ఎందుకు పగిలిందో నేను కనిపెట్టాను. షెడ్డు వెనక మురుగు కాలువ నీరు ఏళ్ళ తరబడి గచ్చు కిందికి ఊరి మట్టిని కోసేసింది. పైకి గట్టిగా కనిపించే నేల కింద డొల్ల ఏర్పడింది. దానికి కారణం ఉంది, ఆ కారణం కొలతకు అందింది.

గుంటలో పడిన ఇంజిన్‌ను శుక్రవారం క్రేనుతో ఎత్తి విప్పాము. క్రాంక్‌షాఫ్టు విరిగిన ముఖం చూశాను. మూడింట రెండు వంతుల దాకా నల్లబడిన పాత పగులు, మిగిలిన వంతు మెరుస్తున్న కొత్త విరుపు. తయారీలోనే పడిన లోపం అది. ఎవరు నడిపినా, ఎవరు ఆపినా విరిగేది. అటువంటి పగులు చివరి నిమిషం దాకా చప్పుడు చేయదు కాబట్టి, డ్రైవరు ముందుగా చెప్పలేదన్న ఆరోపణా నిలవదు. అయితే చప్పుడు చేయని పగులును విని డ్రైవరు ఎందుకు ఆపాడన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. విచారణ ఆ ప్రశ్న మీదే జరుగుతుందని నాకు తెలుసు.

శుక్రవారం సాయంత్రం డేనియల్, నేను కలిసి తిరిగి వచ్చాము. బంగారుపేట స్టేషన్లో, మా ఊరి వైపు వెళ్ళే మారికుప్పం బండి కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు అతడు నోరు విప్పాడు.

"సార్, నిన్న నేను ఎన్ని లెక్కపెట్టినానో మీరు విన్నారు."

"విన్నాను."

"రేపు విచారణలో అడిగితే ఏం చెప్పల్ల?"

"అడగరు."

"అడిగితే?"

అతడు అబద్ధం ఆడే మనిషి కాదని ఈ మూడు రోజుల్లో నాకు తెలిసింది. ఆరుగురని చెబితే, ఐదుగురిని సరిగ్గా లెక్కపెట్టలేనివాడి చెవిని, మాటను ఎవరు నమ్ముతారు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చేతిలో అన్ని కొలతలూ ఉన్నాయి. అతని ఉద్యోగం మాత్రం ఒక్క అంకె మీద వేలాడుతోంది.

శనివారం ఉదయం పదిన్నరకు విచారణ జరిగింది. మేనేజరు, హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒక అధికారి, నేను, డేనియల్. తర్వాత నాగప్పను పిలిచారు. సోమవారం ఏమీ వినలేదన్న మాటకు నాగప్ప ఒక వాక్యం కలిపాడు. "చెవికి వినబడలేదు సార్. కాళ్ళ కింద మెట్టుకు మాత్రం తగిలింది. ఇంజిన్ అదురనుకొంటిని. గురువారం చేతికి తగిలినాక తెలిసింది, అదీ ఇదీ ఒకటేనని."

అధికారి నా వైపు తిరిగాడు. గురువారం నేను గుంటలో నుంచి ఎందుకు బయటికి వచ్చానని అడిగాడు. నూనె, గాలి, విద్యుత్తు లేని ఇంజిన్‌లో నుంచి మూడు, మళ్ళీ మూడు, నేను కొట్టాక ఒకటి వినిపించినందువల్ల వచ్చానని చెప్పాను. ఇటువంటి వాక్యం నేను ఏ విచారణలోనూ చెప్పలేదు. అధికారి కాగితాల మీద నుంచి తల ఎత్తాడు.

"మీరు కూడా డేనియల్ ఊరివాళ్ళేనా?" అన్నాడు.

"అవును."

అతడు డేనియల్ వైపు తిరిగాడు. "సరే. ఇంజిన్ దెబ్బలు కొట్టింది, నువ్వు లెక్కపెట్టావు. నీ లెక్క ఎంత గట్టిదో చూద్దాం. గురువారం షెడ్డులో ఎంతమంది ఉన్నారు?"

డేనియల్ బల్ల మీద ఉన్న తన ఎడమ చేతిని చూసుకున్నాడు. గది బయట లారీ ఒకటి వెనక్కి వస్తూ హారన్ కొట్టింది. మేనేజరు కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"చూసి లెక్కపెడితే ఐదుగురు సార్," అన్నాడు డేనియల్.

అధికారి నవ్వాడు. "చూడకుండా ఎవరైనా లెక్కపెడతారా?"

మేనేజరు కూడా నవ్వాడు. డేనియల్, నేను నవ్వలేదు. వాళ్ళు తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు.

తేల్చింది ఇది. క్రాంక్‌షాఫ్టులో పాత లోపం వల్ల ఇంజిన్ పాడైంది, గడువుకు ముందే సేవ నుంచి తొలగించాలి. డ్రైవరు అసాధారణమైన శబ్దం విని నిబంధన ప్రకారం ఆపాడు, తప్పు లేదు. "మూడు, మూడు, ఒకటి" అన్న మాటలు రికార్డులో వద్దని మేనేజరు కోరాడు. డేనియల్ కూడా, "వదిలేయండి సార్, నాకు బండి నడిపే పని ఉంటే చాలు," అన్నాడు. అతని కోసం ఒప్పుకున్నాను. ఆ మాటలు ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

డేనియల్ ఇప్పుడు అదే గోడౌన్‌లో అద్దెకు తెచ్చిన ఇంజిన్ నడుపుతున్నాడు. నాగప్ప మెట్టు మీద నిలబడడం మానేసి పక్కనే నడుస్తున్నాడు.

గచ్చు పగులుతూ చేసిన చప్పుడునే నేను దెబ్బలనుకున్నానా? అలాగైతే అది కింది నుంచి రావాలి. నా అరచేతికి తగిలింది పై నుంచి. పైగా సోమవారం ఇంజిన్ ఉన్న చోటికీ ఈ గచ్చుకూ కిలోమీటరు పైగా దూరం. చుట్టుపక్కల క్వారీల్లో మందు పేల్చారా? ఆ ఉదయం పేల్చలేదని విచారించి తెలుసుకున్నాను. లోపల ఊడిన ముక్క ఉందా? తొట్టి విప్పినప్పుడు అన్ని ముక్కలూ నూనె మడ్డిలో అతుక్కుని కదలకుండా ఉన్నాయి. ఒక్కొక్క కారణాన్నీ కొట్టివేస్తూ వచ్చాను. చివరకు ఏదీ మిగలలేదు. ఏదీ మిగలకపోవడం నా అనుభవంలో ఇదే మొదటిసారి.

ఆ ఆరో భుజం గురించి డేనియల్‌ను ఒక్కసారే అడిగాను, మా వీధి మొదట్లో టీ అంగడి దగ్గర. ధూళిలో ఖాదర్‌నే రెండుసార్లు తాకాడేమో అన్నాను.

"ఖాదర్‌కి చొక్కా ఉండె సార్. దానికి లేదు." టీ గ్లాసు కింద పెట్టాడు. "ఒళ్ళు వేడిగా ఉండింది. చెమట కారతా ఉండింది. లోతులో పనిచేసేటోళ్ళకి ఉంటాదే, అట్ల."

"మీ నాయన గానీ గుర్తొచ్చినాడా?"

"కాదు సార్. మా నాయన సన్నం మనిషి. ఈ భుజం వెడల్పు."

అది ఎవరి భుజమో, ఆ దెబ్బలు ఎవరు కొట్టారో నాకు తెలియదు. తెలియదని రాయడానికి నాకు ఇంత కాలం పట్టింది.

నాకు తెలిసింది చెబుతాను. ఆ గురువారం ఉదయం షెడ్డులోకి వెళ్ళినవాళ్ళం ఐదుగురం. ధూళిలో చేత్తో తాకి లెక్కపెడితే ఆరు వచ్చింది. ధూళి దిగాక కళ్ళతో చూసి, నేను రెండుసార్లు, డేనియల్ ఒకసారి లెక్కపెట్టాము. ప్రాణాలతో తలుపు దాటి బయటికి వచ్చినవాళ్ళం ఐదుగురం. చివరి లెక్క ఐదు.